ఆమె బదులు ఆయన చదివిన చదువు

ఆ ఇంట్లో తెల్లారడం అంటే సూర్యుడు రావడం కాదు, లిఫ్టాయన తల్లి దగ్గడం. ఆ దగ్గుకి ఇల్లంతా ఉలిక్కిపడి లేస్తుంది. ముసలావిడ మాత్రం తన బాధ్యత తీరిపోయినట్టు అటు తిరిగి పడుకుంటుంది. ఆ ఉదయం కూడా దగ్గు వినపడగానే లిఫ్టాయన కళ్ళు తెరిచాడు. నడుము తెరుచుకోలేదు. ఈ మధ్య ఆయనకీ ఆయన నడుముకీ వేరువేరుగా తెల్లవారుతోంది.

లిఫ్టాయన అన్నది వీధి పెట్టిన పేరు. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేసేవాడు. ఉన్నన్నాళ్ళూ జనాన్ని పైకి పంపిన మనిషి, ఒక రోజు కాలు జారి తనే లిఫ్టు గోతిలో పడ్డాడు. ప్రాణం పైకి పోలేదు గానీ ఉద్యోగం కిందికి పోయింది. నడుముకి పట్టీ మిగిలింది, కాలికి తిమ్మిరి మిగిలింది, చేతికేమో ఏ పనీ మిగల్లేదు. "అందరికీ లిఫ్టు ఇచ్చాను, నాకు ఇచ్చే దిక్కు లేదు" అని తన మీద తనే జోకు వేసుకునేవాడు. మొదట్లో అందరూ నవ్వారు. తరవాత భార్య ఒక్కతే నవ్వింది. ఇప్పుడు ఆయనొక్కడే నవ్వుకుంటున్నాడు.

గోడ పట్టుకుని మెల్లగా ముందుగదిలోకి వచ్చేసరికి భార్య అప్పటికే ఇస్త్రీబల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద ఇస్త్రీపెట్టె లేదు, లాప్‌టాప్ ఉంది. ఆమె పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు, డాక్టర్ల గౌన్లు ఉతికి ఆరేసి మడతపెట్టే పని. "ఇస్త్రీ అన్న మాటలోనే స్త్రీ ఉంది, ఇక తప్పించుకోవడం ఎలా?" అని లిఫ్టాయన పెళ్ళయిన కొత్తలో అన్నాడు. అప్పట్నుంచీ అదే మాట, అదే పని.

ఇప్పుడు ఆ పనికే ముప్పొచ్చింది. లాండ్రీ మూసేసి బట్టల పని బయటి కంపెనీకి అప్పగిస్తున్నారు. లాండ్రీవాళ్ళలో ఎవరైనా ఆసుపత్రి చెప్పిన ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి, చివరి పరీక్ష పాసైతే, ఆపరేషన్ పరికరాలు శుద్ధిచేసే విభాగంలోకి తీసుకుంటారు. లేదంటే ఇంటికే. ఆ ఇంట్లో జీతమంటూ నికరంగా వచ్చేది ఆమెది ఒక్కటే. కూతురు ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది గానీ, దాని జీతం దాని బస్సులకీ బామ్మ మందులకీ సరి.

"పాసైతే పని, లేకపోతే అందరం పాసిపోవడమే" అని లిఫ్టాయన తేల్చాడు.

"పొద్దున్నే ఆ మాటలేంటండీ?" అంది భార్య, తెర మీంచి చూపు తిప్పకుండా.

చదువుకునే పద్ధతంతా కూతురే చెప్పింది. రోజూ ఒకే వేళకి ఒకేచోట కూర్చోమంది. వంట చేస్తూ వినొద్దంది. అర్థం కానిది మింగేయకుండా కోర్సు మేడమ్‌ని అడగమంది. విన్నది ఇంకొకరికి చెప్పి చూసుకోమంది. చెప్పడానికి ఆ ఇంట్లో ఖాళీగా ఉన్న చెవులు రెండే జతలు. లిఫ్టాయనకి చెబితే ప్రతి మాటకీ ఒక జోకు తగిలిస్తాడు. అందుకని ఆమె అత్తగారిని ఎంచుకుంది. ముసలావిడకి వినికిడి సగమే. మిగతా సగం పెడసరం.

"అత్తయ్యా, వింటున్నారా? కత్తెరని మూసి కడగకూడదట. తెరిచి కడగాలి. ఎందుకు?"

"ఎందుకేంటి? నోరు మూసుకుని పళ్ళు తోముకుంటామా?" అంది దుప్పట్లోంచి ముసలావిడ.

"అబ్బ! ఈ క్లాసుకి ఫస్టు మీరే."

"క్లాసులో ఇంకెవరున్నారే అమ్మాయ్, లాస్టు రావడానికి?"

భార్య నవ్వింది. లిఫ్టాయనకి ఆ నవ్వు కాస్త కుట్టింది. అది తన జోకుకి రావాల్సిన నవ్వు.

అప్పుడే తెర పైన ఎర్రగీత ఒకటి కనపడింది. దాని కింద 'మీరు వెనకబడి ఉన్నారు' అని ఉంది.

"చూశావా? వాళ్ళే చెబుతున్నారు" అన్నాడు లిఫ్టాయన. "ఒక్క పాఠం పట్టుకుని ఎన్ని రోజులు? నత్తకైనా నీకన్నా తొందరుంటుంది."

"నత్తకి ఇల్లు వీపు మీదే ఉంటుందండీ. నాకు తల మీదుంది. అర్థం కాకుండా ముందుకెళ్ళి ఏం చేసుకోను? మేడమ్‌ని అడిగాను, జవాబొస్తుంది."

ఆమె చీర కొంగు సర్దుకుని, అన్నం డబ్బా సంచిలో పడేసుకుని డ్యూటీకి పరుగెత్తింది. లాప్‌టాప్ తలుపు తీసిపెట్టిన ఇల్లులా అలాగే ఉంది. కోర్సులోంచి లాగౌట్ అవడం ఆమెకి తెలుసు. అవసరం అనుకోలేదు. ఇంట్లో ఉన్నవాళ్ళు ఇంటివాళ్ళే కదా!

లిఫ్టాయన కుర్చీలో కూర్చుని ఆ ఎర్రగీత వంక చూశాడు.

ఎర్రదీపం చూస్తే ఆయన ఒంట్లో ఏదో అయిపోతుంది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుని, లోపల జనం తలుపు బాదుతుంటే పైన వెలిగేది ఆ దీపమే. అలాంటప్పుడు కారణాలు వెతుకుతూ కూర్చోకూడదు. మిషను గదిలోకి పరుగెత్తాలి, బ్రేకు వదలాలి, చేత్తో చక్రం తిప్పి లిఫ్టుని దగ్గర అంతస్తు దాకా లాగాలి. తలుపు తెరుచుకుంటుంది, మనుషులు బయటపడతారు. ఎందుకు ఆగిందో తరవాత తీరిగ్గా చూసుకోవచ్చు. ఆయన అలా ఎందరినో బయటపడేశాడు. ఇవాళ లోపల ఇరుక్కున్నది భార్య.

చేత్తో తిప్పేద్దాం అనుకున్నాడు.

పైనుంచి మొదలుపెడితే ఆమెకి తెలిసిపోతుంది. అందుకని పాఠాల వరస చిట్టచివరికి వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి రావాలనుకున్నాడు. లిఫ్టు పైకి వెళ్తుంటే దాని ఎదురుబరువు కిందికి దిగుతుంది. రెండూ ఒకే తాడు. ఆమె అటునుంచి వస్తుంది, తను ఇటునుంచి వెళ్తాడు. మధ్యలో కలుస్తారు. ఇంతకన్నా మంచి సంసారం ఏముంటుంది?

వీడియో మొదలైంది. ఎవరో తెల్లకోటు మనిషి ఏదో చెబుతున్నాడు. 'వీడెవడో, వీడి గొడవేమిటో' అనుకుని లిఫ్టాయన గొంతు నొక్కేసి బొమ్మని మాత్రం పరుగెత్తించాడు. పాఠం కింద ప్రశ్నలొచ్చాయి. ఒకటి నొక్కితే తప్పంది. ఇంకోటి నొక్కితే మళ్ళీ తప్పంది. మూడోది నొక్కితే ఆకుపచ్చ టిక్కు పడింది. తప్పులకి శిక్ష లేదు, ఎన్నిసార్లయినా నొక్కొచ్చు. ఆయన పగలబడి నవ్వాడు. "ఇది చదువా? ఇది తాళంచెవుల గుత్తి! ఏదో ఒకటి పడుతుంది!"

"ఒరేయ్, దాన్నెందుకు ముట్టుకున్నావు?" అంది తల్లి మంచం మీంచి.

"సాయం చేస్తున్నానమ్మా."

"ఏంటీ, గాయం చేశావా?"

"సాయం! సాయం!"

ముసలావిడకి మళ్ళీ వినపడలేదు. ఆయన మూడోసారి చెప్పలేదు.

అలా రోజూ ఆమె గడప దాటగానే ఆయన తెర ముందు కూర్చునేవాడు. గోతిలో పడ్డాక ఆయన మొదటిసారి పొద్దున్నే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. పనికి వెళ్ళేవాడు గీసుకున్నట్టే. టిక్కు పడిన ప్రతిసారీ భుజం మీద ఎవరో చరిచినట్టుండేది. సాయంత్రం ఆమె వచ్చేలోగా తెరని ఆమె వదిలిన చోటికే తెచ్చిపెట్టేవాడు.

కొన్నాళ్ళకి ఎర్రగీత మాయమైంది.

"ఏమండీ! ఇలా రండి, చూడండి!" అని భార్య ఆ ఉదయం కేకేసింది. "గీత పోయింది! నేను అందుకున్నానండీ. మెల్లగా వెళ్ళినా అందుకున్నాను!"

ఆమె మొహం కొత్త దుప్పటిలా తెల్లగా వెలిగింది. ఆ రోజు బస్సెక్కేటప్పుడు కూడా ఏదో పాఠం గొణుక్కుంటూ వెళ్ళింది. ఆయన కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. మనిషి అంత సంతోషంగా ఉంటే చెప్పి పాడుచేయడం ఎందుకు అనుకున్నాడు. మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

*

ఒక రోజు పొద్దుగూకుతుండగా, కూతురు దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా, ఇస్త్రీబల్ల దగ్గర్నుంచి భార్య గొంతు వినపడింది. గట్టిగా కాదు. అదే లిఫ్టాయనకి నచ్చలేదు.

"చిన్నమ్మా, ఇటు రావే. ఇదేంటో చూడు."

కూతురు వంగి చూసింది. "అన్ని పాఠాలూ పూర్తిచేసినందుకు అభినందనలు. మీ చివరి పరీక్ష తెరవబడింది. ఈ వారంలోగా రాయాలి... అబ్బో! అమ్మా, అయిపోయిందా? చెప్పనేలేదు!"

"అవలేదే. నేనింకా సగంలో ఉన్నాను." ఆమె వేలు తెర మీద కిందికి కిందికి జరిగింది. అన్నీ ఆకుపచ్చ. "ఇది నేను చదవలేదు. ఇదీ చదవలేదు. ఇదేంటో పేరు కూడా నాకు తెలీదు. అత్తయ్యా, గొట్టాల్లో గాలి గురించి మీకు చెప్పానా?"

"నాకేం గాలి గురించి చెప్పలేదు. కత్తెర్ల దగ్గరే ఉన్నాం మనం" అంది ముసలావిడ ఖాయంగా.

ఇక దాచి లాభం లేదనుకున్నాడు లిఫ్టాయన. నడుము పట్టీ సవరించుకుని, నాటకంలో రాజులా నిలబడ్డాడు. "సగం నువ్వు, సగం నేను. అర్ధాంగి అంటే నువ్వొక్కదానివేనా? ఈసారి నేనయ్యాను!"

ఎవరూ నవ్వలేదు. కూతురు చేతిలోని సంచి జారి కింద పడింది.

"నాన్నా, నువ్వు చేశావా?"

"ఎవరో ఒకరు చెయ్యాలిగా? ఎర్రగీత మొహాన కొడుతుంటే చూస్తూ కూర్చోనా? రోజంతా నేను చేసేదేముంది? పాఠాలు అయిపోయాయి, ఇక ఒక్క పరీక్ష. దానికేం, ఒక దణ్ణం పెట్టుకుని రాసేస్తే..."

"దేంతో రాయాలండీ?" అంది భార్య. ఆమె కుర్చీలోంచి లేవలేదు. "చివరి పాఠాలన్నీ మీరే చదివారుగా. ఒక్కటి అడుగుతాను, చెప్పండి. పరికరాల మూట మీద ఒక టేపు అతికించి ఆవిరి మిషన్లో పెడతారు. బయటికి తీసేసరికి ఆ టేపు మీద నల్లగీతలు పడతాయి. అంటే ఏమైనట్టు?"

లిఫ్టాయన తడుముకున్నాడు. ఆ ప్రశ్న చూసిన గుర్తుంది. ఎన్నోది నొక్కితే పచ్చబడిందో గుర్తులేదు. "ఏముంది, శుద్ధి అయిపోయినట్టు. గీత పడిందంటే పనైపోయినట్టేగా?"

"కాదు" అంది ఆమె. "వేడి తగిలినట్టు. అంతే. లోపల చీమూ నెత్తురూ అలాగే ఉండొచ్చు. టేపు మాత్రం నల్లబడుతుంది. అది చూసి శుద్ధి అనుకుని ఎవరైనా డాక్టరు చేతికిచ్చారనుకోండి, ఆ బల్ల మీద పడుకున్న మనిషి గతేంటి? ఇది ముందు పాఠంలో కూడా చెప్పారు. మూడుసార్లు విన్నాను. అందుకే నేను నత్త."



"నీకు మంచి చేద్దామనే..." అన్నాడు ఆయన.

"ఇది మంచి కాదు, నాన్నా" అని కూతురు అరిచింది. "పక్కవాడి బదులు నువ్వు మందు మింగితే వాడి రోగం తగ్గుతుందా? అంత తెలివుంటే నీ కోర్సేదో నువ్వు చేసుకోవచ్చుగా! అమ్మది ఎందుకు తినేశావు?"

"నువ్వుండవే" అంది భార్య. తరవాత ఆయన వంక తిరిగింది. ఆ చూపులో కోపం ఉంటే ఆయన తట్టుకునేవాడు. "నిజం చెప్పండి. నేను పాసవ్వలేనని అనుకున్నారు కదూ?"

జోకు ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది. ఆగిపోయింది. ఎంత సేపటికీ జవాబు రాలేదు. ఆమెకి అదే జవాబు.

"గీత పోయిందని మీకు కేకేసి చూపించాను" అంది ఆమె మెల్లగా. "అప్పుడు కూడా చూస్తూ నిలబడ్డారు."

*

మర్నాడు ఉదయం ఆమె సెలవు పెట్టి కోర్సు మేడమ్‌కి సందేశం పంపింది. పరీక్షకి కొంచెం గడువు పెంచమని. రాతపూర్వకంగా జవాబు వస్తుందనుకుంటే, మేడమ్ వీడియోలోకే వచ్చింది. కళ్ళజోడు, పక్కన చల్లారిన టీ, అలిసిపోయిన మొహం. లిఫ్టాయన కెమెరాకి కనపడకుండా తలుపు పక్కన నిలబడ్డాడు.

"గడువు సంగతి తరవాత చూద్దామమ్మా" అంది మేడమ్. "ముందు నాకో అనుమానం తీర్చండి. మీరు నాకు కత్తెర్ల పాఠం మీద ప్రశ్నలు పంపుతూనే ఉన్నారు. అదే రోజుల్లో చివరి పాఠాలు కూడా పూర్తయినట్టు ఉంది. అదీ మీ డ్యూటీ వేళల్లో. మీ లాండ్రీ సూపర్వైజర్‌ని అడిగాను. ఆ సమయాల్లో మీరు మిషన్ల దగ్గరే ఉన్నారట. ఆ పాఠాలు మీరే చేశారా?"

ఆమె ఒక్కసారి తలుపు వైపు చూసింది. లిఫ్టాయన గట్టిగా తలూపాడు. ఔననమని. చేత్తో సైగ చేశాడు, రెండు చేతులూ జోడించాడు. ఒక్క ఔను. ఫోన్లో చేశానంటే పోతుంది. మధ్యాహ్నం భోజనం విరామంలో అంటే పోతుంది. ఒక్క ఔనుతో ఇల్లు నిలబడుతుంది.

"నేను చెయ్యలేదండీ" అంది ఆమె తెరవైపు తిరిగి. "నేను తెరిచిపెట్టి వెళ్ళాను. ఇంట్లోవాళ్ళు చేశారు. నాకు నిన్ననే తెలిసింది."

లిఫ్టాయనకి కాళ్ళ కింద నేల లేనట్టయింది. ఆ అనుభవం ఆయనకి కొత్త కాదు. గోతిలో పడుతున్నప్పుడు కూడా అలాగే అనిపించింది. అప్పుడు ఒక్కడే పడ్డాడు. ఏ ఆలోచనా లేకుండా ముందుకొచ్చి, వంగలేక వంగి, తెరలోకి మొహం పెట్టాడు.

"మేడమ్ గారూ, ఇంట్లోవాళ్ళంటే నేను. నేనొక్కణ్ణే. ఆవిడకి తెలీదు. నన్ను... నన్ను కోర్సులోంచి తీసెయ్యండి. నేనసలు చేరలేదు గానీ... ఆవిణ్ణి వదిలెయ్యండి."

అది జోకులా వినపడింది. ఆయన అందుకు అనలేదు.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీరు చెబుతున్నది నమ్ముతున్నానండీ. ఈ బృందంలో ఈవిడ అడిగినన్ని మంచి ప్రశ్నలు ఎవరూ అడగలేదు. కొన్నిటికి నేనే పుస్తకం తీసి చూసుకోవాల్సి వచ్చింది. కానీ అమ్మా, రేపు ఆ విభాగంలో ఒక మూట మీద మీ పేరుంటే, దాన్ని మీరే కడిగారని డాక్టరు నమ్ముతాడు. కోర్సు మొదటి నియమం కూడా అదే. ఒకరి పేరు మీద ఇంకొకరు చేస్తే ఆ బృందంలోంచి తీసెయ్యాలి. నాకు మినహాయింపు ఇచ్చే అధికారం లేదు. ఉన్నా ఇచ్చేదాన్నో లేదో తెలీదు."

"తరవాత మళ్ళీ చేరొచ్చాండీ?" అని అడిగింది భార్య.

"చేరొచ్చు. మొదట్నుంచి. కానీ అప్పటికి మీ లాండ్రీవాళ్ళ బదిలీలు అయిపోతాయి. బయటినుంచి వచ్చేవాళ్ళలాగే మీరూ దరఖాస్తు పెట్టుకోవాలి. ఉద్యోగం వస్తుందని మాటివ్వలేను."

"అర్థమైందండీ. థాంక్స్ అండీ" అంది ఆమె. పక్కింటావిడ గిన్నె తిరిగిచ్చినప్పుడు చెప్పినట్టు చెప్పింది. తెర మూసింది.

*

లాండ్రీ మూసేశారు. ఆఖరి రోజున ఆమె తన ఏప్రన్ ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి అప్పగించి వచ్చింది. ఆమెతోపాటు పనిచేసిన ఇద్దరు పాసై పరికరాల విభాగానికి వెళ్ళారు. అందులో ఒకామెకి కత్తెర్ల పాఠం బస్సులో విడమరిచి చెప్పింది ఈమే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కూతురికి ఆ స్నేహితురాలే చెప్పింది, ఏడుస్తూ.

కూతురు దుకాణంలో ఆదివారాలు కూడా పనికి ఒప్పుకుంది. ముసలావిడ దగ్గు మందు ఒక చెంచా బదులు అరచెంచా తాగడం మొదలుపెట్టింది. అడిగితే చేదుగా ఉందంది. భార్య రెండు వీధుల అవతల ఇస్త్రీ దుకాణంలో చేరింది. రోజంతా నిలబడే పని. ఆమె ఎవర్నీ తిట్టలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, కంచం ముందు పెట్టేది, మందు చేతికిచ్చేది. తిట్టుంటే లిఫ్టాయన బతికిపోయేవాడు. ఆయన నోట్లో మాటలతో ఆడుకునే అలవాటు ఎక్కడికి పోయిందో పోయింది. వెతకలేదు.

ఒక ఉదయం ముసలావిడ దగ్గి, అటు తిరిగి పడుకోకుండా లేచి కూర్చుంది.

"అమ్మాయేదిరా? నా పాఠమేది?"

"లేదమ్మా. ఆ చదువైపోయింది."

"అయిపోవడమేంటి? ఆ డబ్బా చంకలో పెట్టుకుని రోజూ ఎక్కడికి వెళ్తోంది మరి?"

లిఫ్టాయన ఇస్త్రీబల్ల వంక చూశాడు. లాప్‌టాప్ లేదు. ఎన్నాళ్ళుగా లేదో కూడా తెలీదు. ఆమె మళ్ళీ చేరింది. ఆ సంగతి తనకి చెప్పలేదు. ఈ ఇంట్లో చదవడం లేదు. ఈ ఇంట్లో, తన చేతికి అందేచోట, ఆ డబ్బాని ఉంచడం లేదు.

మధ్యాహ్నం ఆయన కర్ర తీసుకుని బయల్దేరాడు. గోతిలో పడ్డాక అంత దూరం ఒంటరిగా నడిచింది లేదు. మలుపు మలుపుకీ గోడకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. ఎవరో "ఏం లిఫ్టాయనా, షికారా?" అంటే తలూపి ఊరుకున్నాడు.

ఇస్త్రీ దుకాణం యజమాని భోజనానికి వెళ్ళినట్టున్నాడు, ముందు ఎవరూ లేరు. వెనక గదిలోంచి ఆమె గొంతు వినపడింది.

"వింటున్నారా? గొట్టం లాంటి పరికరం పైన ఎంత కడిగినా చాలదు. లోపల బ్రష్షు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెళ్ళాలి. ఎందుకు?"

ఆయన తొంగిచూశాడు. గదిలో మనుషులెవరూ లేరు. తాడు మీద వరసగా వేలాడుతున్న చొక్కాలకి ఆమె పాఠం చెబుతోంది. ఒక్క చొక్కా కూడా ఎదురు మాట్లాడడం లేదు. ఆమె కాసేపు ఆగి, తనే జవాబు చెప్పుకుంది. మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ అడిగింది.

కర్ర గడపకి తగిలింది. ఆమె తిరిగి చూసింది. ముందు లాప్‌టాప్ మూసేసింది. తరవాతే, "ఎలా వచ్చారు? నడుము?" అంది.

మూసిన ఆ చప్పుడు ఆయనకి తగలాల్సిన చోట తగిలింది.

"నాకు చెప్పు" అన్నాడు, గుమ్మంలోనే నిలబడి.

"ఏం చెప్పాలి?"

"పాఠం. చొక్కాలకి చెప్పేది నాకు చెప్పు."

"మీకెందుకండీ? మీరు పాసైపోయారుగా."

ఆయన తల దించుకున్నాడు. "ఆ రోజు అడిగావు. జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. అవును, నువ్వు పాసవ్వలేవనే అనుకున్నాను. నాతో కాపురం చేసినన్నాళ్ళూ బట్టలు మడతపెట్టావు, ఈ వయసులో చదువేంటనుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. ఒకవేళ పాసైతే... అందులో నాదంటూ ఒక చెయ్యి ఉండాలనుకున్నాను. ఊరికే ఇంట్లో పడున్న మనిషి కాదు, ఇతని వల్లే అయింది అని ఎవరైనా అనాలనుకున్నాను. నీకోసం అని చెప్పాను గానీ, అంతా నీకోసం కాదు."

 ఆమె ఇస్త్రీపెట్టెని బట్ట కాలకుండా నిలబెట్టింది. ఒక ఎత్తు పీట లాగి ఆయన ముందు పెట్టింది.

"కూర్చోండి. నిలబడకండి అంతసేపు."

ఆయన కూర్చున్నాడు. ఆమె లాప్‌టాప్ తెరవలేదు. నిలబడే చెప్పింది. గొట్టం లోపల మురికి ఎలా దాక్కుంటుందో, కడిగాక ఆవిరి మిషన్లో పెడితే ఆవిరి లోపలికి ఎలా వెళ్ళాలో చెప్పింది. లోపల గాలి ఉండిపోతే ఆవిరికి చోటుండదు, బయట ఎంత కాలినా లోపల పచ్చిగానే మిగిలిపోతుంది అంది. ఆయన నోరు మెదపకుండా విన్నాడు. ఒక చోట ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది.

"అది సరే. గాలంతా బయటికి పోయిందని వాళ్ళకెలా తెలుస్తుంది? మూట విప్పి చూడకూడదుగా."

ఆమె చొక్కాల వంక చూసింది, ఆయన వంక చూసింది. "ఇది నేను అడగలేదే" అంది నెమ్మదిగా. "ఇన్నిసార్లు విన్నాను, నాకు తట్టలేదు."

లాప్‌టాప్ ఆమె చేతుల్లోకి వచ్చింది. ఆయన కళ్ళ ముందే తెరిచింది, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాయడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళు మసకబారాయి. తుడుచుకోవాలంటే చెయ్యి కదలాలి. కదిలితే ఆమె ఏమనుకుంటుందోనని భయమేసింది. అలాగే ఉండిపోయాడు. నీళ్ళు గడ్డం లోంచి జారి చొక్కా మీద పడ్డాయి.

ఆమె రాసింది పైకి చదివింది. "మేడమ్, మా ఆయన ఒక ప్రశ్న అడుగుతున్నారు..."

"నా పేరెందుకు?" అన్నాడు. "నువ్వే అడిగావని రాయి. మార్కులేమైనా వేస్తారేమో."

"వద్దండీ" అంది ఆమె. "అడిగింది మీరు."

పంపించింది. పైట చెంగుతో ఆయన గడ్డం తుడిచింది, బట్ట మీద మరక తుడిచినట్టు, కాస్త గట్టిగానే. పరీక్ష ఇంకా ఎంతో దూరం ఉంది. పాసైనా ఆసుపత్రి తీసుకుంటుందో లేదో ఎవరికీ తెలీదు. ఇంటి అద్దె ఎలా కట్టాలో ఇద్దరికీ తెలీదు. ఆమె పెట్టె మళ్ళీ వేడిచేసుకుని తరవాతి చొక్కా బల్ల మీద పరిచింది.

"ఇంటికెళ్ళి అత్తయ్యకి చెప్పండి" అంది తలెత్తకుండా. "రేపు పొద్దున పాఠం ఇంట్లోనే అని."